మొదటి బంతి వేళ మోగినదాన్ని

నేను ఒక దొంగల అలారాన్ని. కథలోకి వెళ్ళేముందు ఒక మాట అడుగుతాను. మీ కంట్లో నలుసు పడితే ఏం చేస్తారు? నలుపుకుంటారు. ఊదమని ఇంట్లోవాళ్ళని పిలుస్తారు. నాకు చేతుల్లేవు. పిలవడానికి మాటల్లేవు. నాకున్నవల్లా ఒక కన్ను, ఒక అరుపు. ఆ ఒక్క కంట్లోనే నలుసు పడితే నా గతేమిటో మీరే ఆలోచించండి. ఆ నలుసు సంగతే ఈ కథంతా.

నేను పుట్టింది ఏదో పెద్ద ఫ్యాక్టరీలో. అక్కడ నా ముందు ఒకాయన అటూ ఇటూ నడిచాడు, నేను అరిచాను, ఆయన టిక్కు పెట్టి అట్టపెట్టెలో పడేశాడు. నా చదువంతా అంతే. ఎదుట మనిషి కదిలితే అరవాలి. ఇంతకంటే తక్కువ చదువుతో పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళున్నారని తర్వాత టీవీ చూసి తెలుసుకున్నాను.

కాకినాడలో ఒక షాపు అరలో ఉండగా సుందరంగారు వచ్చారు. ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. వాళ్ళ ఎదురింటి పద్మనాభంగారింట్లో పట్టపగలు దొంగ పడ్డాడట. వెండి కుందులు పట్టుకుపోతూ పోతూ ఫ్రిజ్‌లో పెరుగన్నం తిని, గిన్నె కడిగి బోర్లించి మరీ వెళ్ళాడట. కుందుల కంటే ఆ గిన్నె కడగడమే వీధిని ఎక్కువ భయపెట్టింది. అంత తీరుబడిగా ఉన్నవాడు మళ్ళీ రాడని ఏముంది?

సుందరంగారు షాపులో ఉన్న అలారాలన్నీ దించించారు. ఒక్కోదాన్ని గుమ్మడికాయని కొట్టినట్టు వేలితో కొట్టి చూశారు. చివరికి షాపాయన్ని అడిగారు.

"మీ ఇంట్లో ఏది పెట్టుకున్నారండీ?"

"మాకు కుక్కుందండి."

ఆ జవాబుతో ఆయనకి షాపాయన మీద పూర్తి నమ్మకం కుదిరింది. నన్నే ఎంచుకున్నారు. నా కన్ను ఎంత దూరం చూస్తుందని గానీ, గొంతు ఎంత దూరం వినిపిస్తుందని గానీ ఆయన అడగలేదు. నాతోపాటు ఒక ఫ్లాస్కు ఉచితం.

నిజానికి కాపలా కావలసింది ఆయనకి కాదు, ఆయన భార్య సత్యవేణిగారికి. ఇంటి ముందుగదిలో ఆవిడ మగ్గం వర్కు చేస్తారు. పెళ్ళికూతుళ్ళ జాకెట్ల మీద పూసలూ జరీ నెమళ్ళూ కుట్టి ఇరవయ్యేళ్ళుగా పేరు తెచ్చుకున్నారు. పెళ్ళివాళ్ళు పట్టుచీరలు కూడా అక్కడే వదిలి వెళ్తారు. ఏ ఇంటివాళ్ళూ రసీదు అడగరు, ఆవిడా ఇవ్వరు. అంతా మాట మీదే. ఒక్క చీర పోయిందంటే ఆ తర్వాత ఆ వీధిలో ఆవిడ చేతికి జేబురుమాలు కూడా ఎవరూ నమ్మి ఇవ్వరు.

నన్ను బిగించడానికి నూకరాజు వచ్చాడు. సుందరంగారికి కొత్త వస్తువు మీద ప్లాస్టిక్ కవరు తియ్యడం ఇష్టం ఉండదు. ఆ ఇంట్లో సోఫా కొని ఆరేళ్ళయింది, ఇంకా దాని గుడ్డ రంగు ఎవరికీ తెలీదు.

"కవరుండనియ్యవయ్యా, దుమ్ము పట్టదు" అన్నారాయన.

"ఆయ్, దుమ్ము పట్టదండి. దొంగా పట్టడండి" అన్నాడు నూకరాజు. కవరు చింపి, నన్ను ముందుగది మూల గోడకి బిగించి, నా తెల్లటి కన్ను చూపించాడు. "ఇదిగోనండి, ఇది కన్నండి. దీనికి అడ్డం మాత్రం ఏదీ రాకూడదండి. కేలండరు, గుడ్డముక్క, ఏదీనూ."

దంపతులిద్దరూ భక్తిగా తలూపారు. ఒకసారి మోగించి చూపించాడు. సత్యవేణిగారి చేతిలో కాఫీ గ్లాసు కిందపడింది. పద్మనాభంగారు టవలుతో పరిగెత్తుకొచ్చారు. నాకు చాలా తృప్తిగా అనిపించింది. సుందరంగారు నా చింపిన కవరుని జాగ్రత్తగా మడిచి, రిమోట్‌ని అందులో చుట్టి, రెండు రబ్బరు బ్యాండ్లు వేశారు.

నూకరాజు వీధి మలుపు తిరిగాడో లేదో, సత్యవేణిగారు కుంకుమ భరిణె తెచ్చారు. ఇంట్లోకి కొత్త యంత్రం వస్తే బొట్టు పెట్టకుండా ఎలా? ఫ్రిజ్‌కి పెట్టారు, కుట్టుమిషన్‌కి పెట్టారు. నన్ను ఎగాదిగా చూశారు. ముఖమంతా ఒకటే తెలుపు. మధ్యలో గుండ్రంగా కాస్త ఉబ్బెత్తుగా ఒక చోటు. బొట్టు కోసమే ఆ కంపెనీవాడు వదిలిపెట్టాడనిపించేలా ఉంది. తడి గంధం మందంగా అద్ది, దాని మీద కుంకుమ దిద్దారు.

లోకం ఎర్రగా అయింది. తర్వాత చీకటైంది.

ఆపైన ప్రతి శుక్రవారం పాత బొట్టు మీదే కొత్త బొట్టు. సుందరంగారు బయటికి వెళ్తూ నన్ను ఆన్ చేసేవారు. తిరిగొచ్చాక ఆపడం మరిచిపోయేవారు. అందరూ నా ఎదుటే తిరిగేవారు. నేను అరిచేదాన్ని కాదు. కనిపిస్తేగా అరవడానికి!

దీనికి సుందరంగారు ఒక సిద్ధాంతం తయారుచేశారు.

"చూశావా వేణీ, ఇంటి మనుషుల్ని గుర్తుపట్టేసింది."

మర్నాడు పద్మనాభంగారు వచ్చారు. అరవలేదు. "ఆయనా ఇంటిమనిషే కదా" అన్నారు. పాలాయన వచ్చాడు. "పదేళ్ళ పరిచయం." ఎప్పుడూ చూడని గ్యాస్ సిలిండరు మనిషి వచ్చాడు. సుందరంగారు కాసేపు ఆలోచించి, "అతని మనసు మంచిదై ఉంటుంది" అన్నారు. ఆ రోజు నుంచి ఆ గ్యాస్ మనిషికి మజ్జిగ కూడా ఇస్తున్నారు.

ఇలా మూడు నెలలు గడిచాయి. మే నెల వచ్చింది. బుధవారం పెళ్ళి ఉన్న ఒక ఇంటివాళ్ళ పట్టుచీరలు పదకొండూ, వాటి జాకెట్లూ ముందుగది బల్ల మీద మూటగా ఉన్నాయి. అంతకుముందు శుక్రవారమే పద్మనాభంగారి మనవరాలి ఓణీల ఫంక్షన్. వీధి చివర కల్యాణమండపంలో మధ్యాహ్నం భోజనాలు. వీధంతా అక్కడే.

ఆ రోజు బయల్దేరేముందు సత్యవేణిగారు బొట్టు పెట్టబోతే, పన్నెండు వారాల కుంకుమ పాత గోడ సున్నంలా పెచ్చులుగా రాలింది. "ఛీ, ఏం బాగుంది!" అని తడిగుడ్డతో నా ముఖమంతా శుభ్రంగా తుడిచారు. సుందరంగారు ముందురోజు ఎందుకో మరిచిపోకుండా నన్ను ఆపారు, లేకపోతే అప్పుడే అరిచేదాన్ని. కొత్త బొట్టు కోసం భరిణె మూత తీశారు. అప్పుడే గుమ్మంలోంచి సుందరంగారి కేక.

"వేణీ! మొదటి బంతి కూర్చుంటోందే! రెండో బంతికి బూరెలు చల్లారిపోతాయి!"

మొదటి బంతి అంటే ఆ వీధిలో చావుబతుకుల సమస్య. భరిణె అక్కడే పెట్టి ఆవిడ పరుగెత్తారు. ఆయన గుమ్మం బయట నిలబడి కవరు మీంచే రిమోట్‌ని నాలుగుసార్లు నొక్కారు. తాళం పడింది.

మూడు నెలల తర్వాత నాకు చూపొచ్చింది. గోడమీద నీలిరంగు వేశారని అప్పుడే తెలిసింది.

పావుగంట తర్వాత తాళం దానంతటదే ఊడింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. ఎవరింటికి ఏ పని మీద వెళ్ళినా చెప్పులతో వెళ్ళకూడదని వాళ్ళమ్మ నేర్పినట్టుంది. దేవుడి పటానికి దణ్ణం పెట్టుకున్నాడు. మూట ఎత్తుకున్నాడు. ఇన్నాళ్ళకి కనిపించిన మనిషిని నమ్మడానికి నాకు అంతసేపు పట్టింది.

అరిచాను. మూడు నెలల అరుపంతా కలిపి ఒక్కసారే అరిచాను.

అతను మూటతో వీధిలోకి దూకాడు. చెప్పులు మరిచిపోయాడు. మే నెల, మిట్టమధ్యాహ్నం, కొత్తగా వేసిన తారు రోడ్డు. పది అడుగులు పరిగెత్తాడు, తర్వాత గెంతాడు, తర్వాత నాట్యం చేశాడు. చివరికి వీధి కుళాయి కింద నీళ్ళలో కాళ్ళు పెట్టి నిలబడిపోయాడట.

మండపంలో సన్నాయివాళ్ళు ఆగిపోయారట. సుందరంగారు ఆకులో బూరెనీ గుమ్మాన్నీ మార్చి మార్చి చూశారట. సత్యవేణిగారు మాత్రం పులిహోర చెయ్యి కడుక్కోకుండా లేచారు. ఆవిడ లేవగానే బంతి మొత్తం లేచింది.

కుళాయి దగ్గర ఆవిడ దొంగతో అన్న మొదటి మాట ఇదట. "నాయనా, మూట తడవనివ్వకు. జరీ నల్లబడుతుంది."

అతను మూటని నెత్తి మీద పెట్టుకుని ఏడుపుగొంతుతో అన్నాడు. "తీసుకోండమ్మా. ముందు ఆ మోత ఆపించండి, చెవులు పోతున్నాయి."

ఆపడం ఎవరి తరం? రిమోట్ మీది రబ్బరు బ్యాండ్లు ఎండకి కరిగి కవరుకి అతుక్కుపోయాయి, పైనుంచి ఎంత నొక్కినా పనిచెయ్యలేదు. అది ఊడదీసేసరికి నలభై నిమిషాలు పట్టింది. నా జీవితంలో అంత వైభవం మళ్ళీ చూడలేదు. పోలీసులు చెవులు మూసుకునే దొంగని తీసుకెళ్ళారు. పదకొండు చీరలూ లెక్కకి సరిపోయాయి. వీధంతా ముందుగదిలోకి వచ్చి నాకు చప్పట్లు కొట్టింది. బుధవారం పెళ్ళికూతురు ఆ నెమళ్ళ జాకెట్టులోనే పీటల మీద కూర్చుంది.

"ఏ కంపెనీదండీ?" అని ఆ శుక్రవారం చప్పట్ల మధ్యే పద్మనాభంగారు అడిగారు.

సుందరంగారు జవాబిచ్చేలోపే సత్యవేణిగారు భరిణె చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"అయ్యో, ఇవాళ బొట్టు పెట్టడం మరిచిపోయానండీ! అందుకే దొంగ పడ్డాడు!"

ఆ మాటకి అందరూ ఔనంటే ఔనన్నారు. పన్నెండు వారాలు పెట్టారు, దొంగ రాలేదు. ఒక్క వారం పెట్టలేదు, వచ్చాడు. ఇంతకంటే రుజువేం కావాలి?

అప్పట్నుంచి నాకు రోజూ బొట్టు. రూపాయి బిళ్ళంత ఉండేది ఇప్పుడు అప్పడమంత. పైన నిమ్మకాయల దండ. వీధిలో మరో తొమ్మిదిళ్ళవాళ్ళు అలారాలు పెట్టించుకుని, బొట్టు ఎక్కడ పెట్టాలో మా ఇంటికొచ్చి నన్ను చూసి నేర్చుకుని వెళ్ళారు. వాటిని బిగించడానికొచ్చిన నూకరాజు నన్ను చూసి గతుక్కుమని నోరు తెరిచాడు. సత్యవేణిగారు ఆ నోట్లో లడ్డూ పెట్టారు. అతను నమిలి, మింగి, తొమ్మిదిళ్ళనీ తలుచుకుని, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంత గౌరవం పొందిన అలారం రాష్ట్రంలో మరోటి ఉండదు. కాదనను. కానీ వచ్చే వారం ఇంకో పెళ్ళివాళ్ళ చీరలు పదిహేను వస్తున్నాయి. ఆ శుక్రవారమే వీధిలో ఇంకో ఇంటి భోజనాలు. ఏం చెయ్యమంటారు? చదివేవాళ్ళలో తెలిసినవాళ్ళుంటే ఒక్క సలహా చెప్పండి బాబూ, మీకు పుణ్యముంటుంది. బొట్టు పక్కకి పెట్టమని ఆ తల్లి నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి? స్వయంగా వచ్చి చెప్పదలిచినవాళ్ళు, సుందరంగారింటి ముందుగదిలోకి మొహమాటపడకుండా వచ్చెయ్యండి. నేను అరుస్తానని భయపడకండి.

అరవను. నా బాధంతా అదే కదా.