ఐతారం మడుగు

మా ఊళ్లో కిష్టవ్వ జొన్నరొట్టె చరిచిందంటే, ఆ చప్పుడుకు నిర్మల్ రోడ్డు మీద పోయే జీపులు వాటంతటవే మా జలపాతం వైపు తిరిగేవి. ఎనభై ఎనిమిది నాటి మాట. నమ్మాల్సిందే.

ఒక ఆదివారం ఆమె చేతులు పిండిలో, మనసు మడుగులో ఉన్నాయి. జలపాతం కింది మడుగు ఆదివారం పొద్దున ఆడవాళ్లది. ఆ పూట మగవాళ్లు అటు తొంగిచూసేవారు కాదు. వీపు మీద నీళ్లు దబదబా పడుతుంటే అత్త పిలుపూ పెనిమిటి పిలుపూ వినపడవు. ఆ కాసేపూ ఆమె ఎవరికీ ఏమీ కాదు, ఉత్త కిష్టవ్వ. జీపుల్లో షికారుకొచ్చేవాళ్లకు ఇంట్లో భోజనాలు పెట్టడం మొదలయ్యాక ఆమెకు ఆ పూట పోయింది. మడుగు నిండా సీసా పెంకులు, గట్టు నిండా ఎంగిలి విస్తర్లు. "కూసుండి రొట్టెలు చేసుడు గూడ కష్టమేనా?" అంటాడు పెనిమిటి కొమురెల్లి. "మొగోడు నలుగుర్ల పేరు తెచ్చుకుంటుండు, నీకేం బాధనే?" అంటుంది అత్త పోశవ్వ. పేరు నిజంగా అతనిదే. తిన్నవాళ్లు "కొమురెల్లీ, నీ వంటకు తిరుగులేదు" అంటే అతను కాదనేవాడు కాదు.

ఆ రోజు మంచిర్యాల నుంచి జీపులో వచ్చిన జగపతిరావు మాత్రం కోడిపులుసు జుర్రి, వంటింటి వైపు తిరిగాడు. "ఏమమ్మా, గింత రుచి ఎట్లొచ్చింది? ఏం కలిపినవ్?"

ఆమెను ఎవరైనా అడగడం అదే మొదలు. గడపలోకి వచ్చింది.

"నేనేం కలపలే సారూ. వాగు నీళ్లు పోసిన. పొద్దుగాల మడుగుల మీరు జీపు కడగలే? గవే నీళ్లు కిందికి మా బిందెలకొస్తయి."

జగపతిరావు నోట్లో ముద్ద నోట్లోనే ఆగింది.

"ఏందే గా మాటలు?" అన్నాడు కొమురెల్లి.

కిష్టవ్వకు ఆపుకోలేని నవ్వొచ్చింది. పిండి తాంబాళం తెచ్చి అతని ముందు పెట్టింది. "పేరు నీదే గద, రొట్టెలు గూడ నువ్వే కొట్టు. వచ్చే ఐతారం పొద్దుగాల మడుగు మాది. జీపులను మాపటికి రమ్మను. కడుగుడుంటే ఇంటికాడ కడుక్కొమ్మను."

జీపులు రొట్టె చప్పుడుకు తిరిగేవన్నాను కదా, లేదండీ. మలుపు దగ్గర కొమురెల్లి చెయ్యి అడ్డం పెట్టి తిప్పేవాడు. తరువాతి ఆదివారం అదే మలుపులో, అదే చెయ్యి అడ్డం పెట్టి, "జర ఆగుండ్రి సారూ, ఆడోళ్లున్నరు!" అని ఆపాడు. మడుగులో కిష్టవ్వ, ఇరుగుపొరుగు నర్మద, దేవవ్వ చేటల్లోకి పెంకులు ఏరి, ఆపైన నీళ్ల కింద నిలబడి కేకలు పెట్టారు. పోశవ్వ కూడా "నన్ను పిలువకపోతివేమే!" అంటూ వచ్చి మడుగులో దూకింది.

ఆ దూకడం కూడా నా కల్పనే. ఆమె గట్టున కూర్చుని కాళ్లు మాత్రం నీళ్లలో పెట్టింది. వీపు మీద దోసెడు దోసెడు నీళ్లు పోసింది కోడలే.