ముందు వెళ్ళినామె

పొద్దున్నే లేచి కాలివేళ్ళకి ఒక్కోదానికీ పట్టీ చుట్టుకోవడం ఫుసాయెకి మూడు రోజుల్లోనే అలవాటైపోయింది. తెల్లబట్టలు వేసుకుని, గడ్డి టోపీ కట్టుకుని, చేతికర్ర తీసుకుని బయల్దేరింది. షికోకు ద్వీపం చుట్టూ ఉన్న ఎనభై ఎనిమిది గుళ్ళలో పదకొండు అయ్యాయి. పన్నెండోది కొండమీద.

ఆమెకి అరవైనాలుగేళ్ళు. బడిలో పిల్లలకి వండిపెట్టి రిటైరైంది. గుండె చలికాలం దాకా లాగదని డాక్టరు చెప్పేశాడు. ఆస్పత్రి మంచంమీద పోయేకంటే దారిలో పోదామని వచ్చింది. యాత్రికుల తెల్లబట్టలు ఎలాగూ శవానికి తొడిగేవే.

మొదటిరోజే, రెండో గుడి దగ్గర టీ పోస్తున్న ముసలామె ఆమెని ఎగాదిగా చూసింది.

"మళ్ళీ వచ్చావేంటమ్మా? గంట క్రితమేగా తాగి వెళ్ళావు!" అని, అంతలోనే నాలిక్కరుచుకుంది. "ఓహో, నువ్వు వెనకదానివా. ముందామె నీకంటే చురుగ్గా ఉందిలే."

ఆ రాత్రి సత్రంలో బసచేసేవాళ్ళ పేర్ల పుస్తకం తెరిస్తే పై వరసలో తన పేరే ఉంది, తన చేతిరాతలోనే. స్నానాల తొట్టి అంచున తెల్లవెంట్రుక ఒకటి అంటుకుని ఉంది. సత్రం యజమానురాలు మాత్రం, "ముందామె చేశాక నీళ్ళు చల్లారాయి పిన్నీ, కాస్త కాచనా?" అని అడిగి ఊరుకుంది.

రెండోరోజు ముందామె అరగంట దూరంలో ఉందన్నారు. ఇవాళ కొండెక్కుతుంటే, తడిమట్టిలో ఎడమ మడమ అరిగిన చెప్పు గుర్తుల్లోకి అప్పుడప్పుడే నీళ్ళు ఊరుతున్నాయి. ఫుసాయె తన చెప్పు తిప్పి చూసుకోలేదు.

మలుపు తిరిగితే చిన్న విశ్రాంతి పాక. దాన్ని చూసుకునే గెంజిరో, అతని భార్య మిసావో గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేలమీద చాప, చాపమీద దుప్పటి, దుప్పటి కింద మనిషి.

"వచ్చావా అక్కా, నీ కోసమే ఆగాం," అంది మిసావో. "ఒళ్ళు కడగాలి. సొంతమనిషి చెయ్యి పడితే బావుంటుందని."

ఫుసాయె కూర్చుని దుప్పటి తీసింది. అద్దంలో రోజూ చూసే ముఖమే, కాకపోతే నలత లేదు. వేడినీళ్ళల్లో గుడ్డ ముంచి నుదురు తుడిచింది. గంగాళం కాల్చిన బొటనవేలి మచ్చ తుడిచింది. కాలివేలి పట్టీ విప్పితే బొబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. ఆమెకి నొప్పి పుడుతుందేమోనని మెల్లగా అద్దింది.

"బాధపడిందా?"

"లేదు. మెట్టుమీద కూలబడి గుండె పట్టుకుంది, అంతే," అన్నాడు గెంజిరో. "తొకికోకి చెప్పకుండా వచ్చేశాను, అదొక్కటే తప్పు, అంది."

తొకికో ఫుసాయె చెల్లెలు. ఫుసాయె కూడా ఆమెకి చెప్పకుండానే వచ్చింది.

ముగ్గురూ కలిసి ఆమెని దారిపక్కనే పాతిపెట్టారు. పాకలోంచి ఫుసాయె చెల్లెలికి ఫోను చేసింది. చెల్లెలు ముందు ఏడ్చి, తర్వాత తిట్టి, చివరికి ఎక్కడికి రావాలో అడిగింది.

ఫుసాయె గుడి దర్శనం చేసుకుని కొండ దిగింది. మెట్లన్నీ దిగాక గాని, ఎక్కడా ఊపిరి కోసం ఆగలేదని గుర్తుకు రాలేదు. కింద నారింజ తోటలో ఒకాయన కాయలు కోస్తున్నాడు.

"అన్నా, నాకంటే ముందు ఇటు ఎవరైనా వెళ్ళారా?"

"లేదమ్మా. ఇవాళ్టికి నువ్వే మొదలు," అని ఒక పండు చేతిలో పెట్టాడు.

ఇంకా డెబ్బై ఆరు గుళ్ళు. బయల్దేరిన రోజునుంచీ లేని భయం ఇప్పుడు వేసింది ఫుసాయెకి, ఇంత దారి నిజంగానే నడవాలి కదా అని. పండు ఒలుచుకుంటూ నడిచింది.