నూట అయిదు డిగ్రీల కెపాసిటర్

గుమ్మం గంట మూగబోయింది మంగళవారం పొద్దున. పాలవాడు మీట నొక్కి నొక్కి, చివరికి తలుపు తట్టాడు.

లెక్కల మాస్టారు సొంతంగా చేసుకున్న గంట అది. మీట నొక్కితే ఆయన భార్య గొంతు పలికేది: "వస్తున్నా, కాస్త ఆగండి." నాలుగేళ్ల కిందట సరదాకి ఆవిడ చేత చెప్పించాడు. ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

మాస్టారు గంట పెట్టె విప్పాడు. కరెంటును నిలకడగా ఉంచే కెపాసిటర్ నెత్తి ఉబ్బి ఉంది. తప్పు తనదే. పెట్టె చిన్నదిగా ఉండాలని ఎనభై అయిదు డిగ్రీల వేడికి మించి తట్టుకోని రకం తెచ్చి, వోల్టేజీని తగ్గిస్తూ మలమల కాలే రెగ్యులేటర్ పక్కనే ఇరికించాడు. పెట్టె కాలుతోందని ఆవిడ ఒకటికి రెండుసార్లు చెప్పింది. పనిచేసేది ఏదైనా వేడెక్కుతుందని ఆయన కొట్టిపారేశాడు. "మరి మీరెప్పుడూ చల్లగానే ఉంటారేం?" అని ఆవిడ నవ్వింది.

గొంతు దాచిన చిప్‌ను కరెంటు అందని ఈ వేళ లోపలి బిళ్ల సెల్ ఒక్కటే బతికిస్తోంది. దాన్ని కదిపితే గొంతు పోతుంది. అది అయిపోయేలోగా కెపాసిటర్ మార్చాలి. పదిహేను రోజులు వస్తుందని కాగితం మీద లెక్క కట్టి, విడిభాగాల కొట్టుకు వెళ్లాడు.

కొట్టాయన మామూలు రకం తీసి బల్ల మీద పెట్టాడు. మాస్టారు ముట్టుకోలేదు. నూట అయిదు డిగ్రీలది కావాలన్నాడు. గంటకు పన్నెండు వోల్టులే అయినా ఇరవై అయిదు వోల్టులు తట్టుకునేది, అంత వేడిలోనూ పదివేల గంటలు, చల్లగా ఉంటే ఏళ్ల తరబడి పనిచేసేది కావాలన్నాడు.

"ఇల్లు కొనేవాడు కూడా ఇన్ని ఆరాలు తియ్యడండీ. అది రావాలంటే వారం పడుతుంది. ఇవాళ్టికి ఇది వేసుకోండి మాస్టారూ, మంచిదొచ్చాక మార్చుకుందురు గాని."

"ఒకసారి తొందరపడ్డాను. చాలు."

వారం ఆగాడు. ఈలోగా కొత్త కెపాసిటర్ కోసం రెగ్యులేటర్‌కు దూరంగా చోటు చూశాడు. గాలి ఆడేలా పెట్టెకు చిల్లులు వేశాడు. సరుకు చెప్పిన రోజే వచ్చింది. ప్లస్సు, మైనస్సు రెండేసి సార్లు చూసుకుని సోల్డర్ చేశాడు. కరెంటు ఇచ్చాడు. మీటరు ముల్లు పన్నెండు దగ్గర బిగించినట్టు నిలబడింది. ఇంత శుభ్రమైన పని ఆయన చేతిమీదుగా ఎప్పుడూ జరగలేదు.

మీట నొక్కాడు. బుస్సుమని చప్పుడు వచ్చింది. ఇంకోసారి నొక్కాడు. అదే చప్పుడు.

సెల్ ఊడదీసి మీటరుకు ఆనిస్తే ముల్లు లేవలేదు. పదిహేను రోజుల లెక్క కొత్త సెల్‌కు కట్టాడు. ఇది నాలుగేళ్ల పాతది. కొట్టాయన బల్ల మీద పెట్టిన ఆ మామూలు కెపాసిటర్ ఆ రోజే వేసి ఉంటే గొంతు నిలిచేది.

మర్నాడు కొట్టాయన ఫోన్ చేసి గంట బాగుపడిందా అని అడిగాడు. బాగుపడిందన్నాడు మాస్టారు. ఎన్నాళ్లు వస్తుందంటే, పదిహేనేళ్లకు ఢోకా లేదన్నాడు.

చిప్‌లో మరో గొంతు నింపాలి. ఇంకా నింపలేదు.