ఐదు తెల్ల గింజలు

ఆడపిల్లల డిగ్రీ కాలేజీ మఠం దగ్గరే ఉండాలా, చేతులు మారాలా అన్నది ఆ ఉదయం ఐదుగురు సిస్టర్ల చేతుల్లో ఉంది. వాళ్లలో అందరికంటే చిన్నావిడకే అరవై దాటాయి. మఠంలో కొత్తగా చేరేవాళ్లు లేరు. కాలేజీ మేం తీసుకుంటామని ఒక ట్రస్టు ముందుకొచ్చింది, హాస్టలు మాత్రం తీసేస్తామని ముందే చెప్పేసింది. ఇచ్చేస్తారో, మీరే నడుపుకుంటారో తేల్చి చెప్పండని మఠాలన్నిటికీ పైనున్న పెద్ద మదర్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది.

అది వచ్చిన దగ్గర్నుంచి ఫిజిక్స్ సిస్టర్‌కి ముద్ద దిగడం లేదు. ఆవిడ ఆ కాలేజీలో మొదటి బ్యాచ్ పిల్ల. స్కూలు అయిపోగానే "ఇక చాల్లే" అని నాన్న తేల్చేస్తే, ఒక సిస్టర్ ఇంటికొచ్చి గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది. "మా హాస్టల్లో పెట్టండి, పూచీ నాది" అంది. నాన్న ఊఁ అనేదాకా కదల్లేదు, మహా మొండి మనిషి. ఆ మొండితనం ఈవిడకీ అబ్బింది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఏటా ఎవరో ఒకరి గుమ్మం దగ్గర అలాగే కూర్చుంటోంది. హాస్టలుందంటేనే ఆ తండ్రులు మెత్తబడతారు. అది పోతే ఆ పిల్లలు గడప దాటరు.

ఇలాంటి వాటికి ఆ మఠంలో చర్చ ఉండదు. ప్రార్థన చేసుకుని, మౌనంగా పెట్టెలో గింజ వేయాలి. తెల్లదంటే ఇచ్చేద్దామని, నల్లదంటే ఉంచుకుందామని. ఒకరి మాట ఇంకొకరి మీద పడకూడదని ఎప్పుడో పెద్దలు పెట్టిన నియమం.

ఫిజిక్స్ సిస్టర్ వేళ్లు ముందు నల్ల గింజ మీదికే పోయాయి. అంతలో మఠంలో చేరిన కొత్తలో నేర్పిన పాఠం గుర్తొచ్చింది: ఏది మరీ ఇష్టమో దాన్నే ముందు వదులుకో అని. కాలేజీ అంటే తనకు ప్రాణం. అందుకే తన మనసు చెప్పేది నమ్మడానికి లేదనుకుంది. పైగా మిగతావాళ్లు అలసిపోయారు, మఠాన్నీ కాలేజీనీ నడిపే మదర్ రెండు మెట్లెక్కి ఒకసారి ఆగుతోంది. తన పంతం కోసం వాళ్లని ఇంకా అరగదీయడం దేనికి? ఎవరో ఒకరు నల్లది వేయకపోతారా అని లోపల ఓ మూల ఆశ కూడా ఉంది. కళ్లు మూసుకుని తెల్లది వేసేసింది.

మదర్ పెట్టె తెరిచింది. ఐదూ తెల్లవే. అప్పటికప్పుడు ఫోన్ చేసి పెద్ద మదర్‌కి చెప్పేసింది. సంతకాలకు ట్రస్టువాళ్లు సాయంత్రం వస్తారట.

మధ్యాహ్నం భోజనాల దగ్గర వంట సిస్టర్ ముక్కు ఎగబీలుస్తూ వడ్డిస్తోంది.

"ఇవాళ ఉల్లిపాయలు కూడా లేవుగా, ఈ ఏడుపేంటి?" అంది లైబ్రరీ సిస్టర్.

"ఆ పిల్లలకు వండిపెట్టడం తప్ప నాకేం వచ్చు సిస్టర్? కానీ మీరంతా అలసిపోయారు కదా, నా వంట కోసం మిమ్మల్ని కట్టిపడేయడం ఎందుకని తెల్లది వేశాను."

"నేను అలసిపోయానని నీకెవరు చెప్పారు? నేనూ మీ కోసమేగా వేసింది."

హాస్టల్ సిస్టర్ చెంచా కింద పెట్టేసింది. "నేనూ అంతే" అంది.

"పదవి మీద మోజుతో అడ్డుపడుతున్నాననుకుంటారని నేనూ వేశాను" అంది మదర్ చివరికి.

ఏమనాలి వీళ్లని? ఊళ్లో పిల్లల కోసం గడప గడపా ఎక్కి అడిగిన మనుషులు, తమకేం కావాలో పక్కనున్న మనిషితో ఒక్క మాట అనలేకపోయారు. ఫిజిక్స్ సిస్టర్‌కి కోపం వచ్చింది, అందరి మీదా, అందరికంటే ఎక్కువగా తన మీదే.

"సాయంత్రం దాకా టైముంది," అంది మదర్. "మీలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నాకిది కావాలి అని చెప్పండి. ఇప్పుడే ఫోన్ చేస్తాను."

నలుగురూ ఫిజిక్స్ సిస్టర్ వైపే చూశారు. ఆ మాట ఆవిడ గొంతుదాకా వచ్చింది. నాలుక చివరిదాకా వచ్చింది. నలభై ఏళ్లుగా ఆ నాలుకకు అలవాటైన మాట ఇంకొకటుంది.

"మీ ఇష్టం మదర్," అంది.

తక్కిన ముగ్గురూ అదే అన్నారు.