తీసేసిన మువ్వ

బట్టలు మెషీన్లో వేసే ముందు జేబులన్నీ తడమడం ఆమెకు అలవాటు. పదకొండేళ్ళ కాపురంలో మొగుడి జేబుల్లో ఆమె వేళ్ళకు తగలనిదంటూ లేదు. నలిగిన టిక్కెట్లు, పెన్ను మూతలు, కాగితంలో చుట్టిన చూయింగ్ గమ్, ఒకసారి ఎవరిదో ఊడిన చొక్కా గుండీ. ఆ ఆదివారం పొద్దున మాత్రం చిటికెన వేలి గోరంత మువ్వ తగిలింది. కదిపితే గల్లుమంది.

అది గడుగ్గాయి మెడలో ఉండాల్సిన మువ్వ.

గడుగ్గాయి ఆమె పిల్లి. రెండేళ్ళ కిందట ఆఫీసు మెట్ల కింద వానలో తడుస్తూ అరుస్తుంటే హ్యాండ్‌బ్యాగులో వేసుకుని తెచ్చింది. చూపు లేని మనిషి ఇంట్లో ప్రతి వస్తువుకూ ఒక చోటుంటుంది. ఆ చోట్లన్నీ కలిస్తేనే ఆమెకు కళ్ళు. ఆ సంగతి తెలిసినట్టే గడుగ్గాయి ఒక్కో వస్తువునూ పనిగట్టుకుని కదిలించేది. గిన్నెలు తోమే పీచును మంచం మీదికి చేర్చేది. చెంచాను గట్టు చివరికి నెట్టి, కింద పడిన చప్పుడు వినేదాకా చెవులు రిక్కించి కూర్చునేది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఆమె కంప్యూటరు మీద నడిచి, ఆ గొంతు వేగం పెంచేసేది. పాపం ఆ యంత్రం, రైలు తప్పిపోతున్న మనిషిలా గడగడా వాగేది. "నీ దుంపతెగా!" అని ఆమె పడీపడీ నవ్వేది. ఆ ఇంట్లో ఆమెను చూసి 'పాపం' అనుకోని ప్రాణి అదొక్కటే. అందుకే దాని అల్లరి మీద ఆమెకు అంత ప్రేమ. ఒక్క అలవాటుతోనే భయం. సరిగ్గా గుమ్మానికి అడ్డంగా ఒళ్ళు చాపుకుని పడుకుంటుంది. అందుకని తనే మెడపట్టీ కొని మువ్వ తగిలించింది.

"ఏమండీ, ఇది మీ జేబులో ఉందేంటి?"

"ఏది? ఆ మువ్వా?" మొగుడు ఫోను మీంచి తలెత్తకుండానే అన్నాడని గొంతును బట్టి తెలిసింది. "పీక్కుని పడేసుకుంది. సోఫా కింద దొరికింది. ఇవ్వడం మర్చిపోయా."

"ఎప్పుడు దొరికింది?"

"మొన్నో, అటుమొన్నో. మువ్వకి కూడా పంచాయితీ పెడతావా ఏంటి?"

ఆమె మువ్వకున్న రింగును బొటనవేలితో నిమిరింది. గుండ్రంగా ఉండాల్సిన రింగు నోరు తెరుచుకుని ఉంది. రెండు కొసల మీదా పట్టకారు పళ్ళ గరుకు. పిల్లి గోళ్ళు ఇనుమును అలా వంచలేవు.

అప్పటికి ఆమె కాలు కాలి తొమ్మిది రోజులు. మరుగుతున్న నీళ్ళ గిన్నెను పొయ్యి మీంచి దించుకుని, గుమ్మం దాటి పెరట్లోకి వెళ్ళబోతుంటే పాదానికి మెత్తగా తగిలింది. పిల్లిని తొక్కకూడదని ఒళ్ళంతా మెలితిప్పుకుంది. నీళ్ళు ఎడమ పాదం మీద, మణికట్టు మీద పడ్డాయి. గడుగ్గాయి వెనక కాలు కూడా కాలి, వారం పైగా మంచం కిందే ముడుచుకుని పడుంది. అత్తగారు పరుగెత్తుకొచ్చి మందు రాసింది. "ఆ పిల్లిని వదిలెయ్యమని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. విన్నావా?" మొగుడు, "చూసుకోవద్దూ?" అన్నాడు. చూసుకోవద్దూ అన్న మాట ఆమెతో అనడానికి అతడికి ఏనాడూ నోరు తడబడలేదు. ఆ రోజు ఆమె తిరిగి తననే తిట్టుకుంది. మువ్వ వినిపించలేదేమిటా అన్న ఆలోచన వచ్చింది కానీ, మంటలో అది నిలవలేదు.

ఆమె ఒక పెద్ద ఆసుపత్రిలో టైపిస్టు. డాక్టర్లు సగం నమిలి, సగం మింగి రికార్డు చేసిన మాటల్ని చెవుల్లో పెట్టుకుని రిపోర్టులుగా టైపు చేస్తుంది. దగ్గుల మధ్య, ఫ్యాను హోరులో, పక్క గదిలో ఎవరో నవ్వుతుంటే కూడా ఏ మాట ఎవరిదో తేల్చి చెప్పగలదు. మిగతావాళ్ళు వదిలేసిన రికార్డింగులు చివరికి ఆమె బల్ల మీదికే వస్తాయి. మొగుడికి ఉద్యోగం పోయి రెండేళ్ళయింది. ఇంటద్దె కాగితం మీద సంతకం ఆమెదే. అయినా ఇంటికి ఎవరొచ్చినా అత్తగారు మొదట చెప్పే మాట ఒకటే. "పెళ్ళయిన రెండేళ్ళకే పెళ్ళానికి చూపు పోయినా, వదిలెయ్యకుండా ఏలుకుంటున్నాడు నా కొడుకు." వంటగదిలో టీ కప్పులు సర్దుతూ ఆమె ఆ మాట వినేది. ఏలుకోవడం అంటే ఏమిటో ఆమెకు ఎంత ఆలోచించినా అర్థమయ్యేది కాదు. పొద్దున లేచి వంట చేసేది తనే. బస్సెక్కి ఆఫీసుకు పోయేది తనే. వచ్చి అత్తగారి నడుముకు మందు రాసేది, మొగుడి చొక్కాలు ఉతికి చేతి కొలతతో మడతపెట్టేది తనే. 'నా తువ్వాలేదీ? నా కళ్ళజోడేదీ?' అని అతడు అరిస్తే వెతికి ఇచ్చేదీ, విచిత్రంగా, చూపు లేని తనే. ఇందులో ఏలినవాడెవడు?

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో అన్నం డబ్బాలు తెరుచుకుని కూర్చున్నారు. రికార్డుల గదిలో పనిచేసే పెద్దావిడ ఫోనులో ఏదో చూస్తూ నవ్వుతోంది. ఆవిడను ఆమె అక్కా అని పిలుస్తుంది.

"ఏంటక్కా, చెప్పొచ్చుగా, మేమూ నవ్వుతాం."

"'పిల్లీ పెళ్ళామూ' అని వీడియోలు వస్తాయిలే అమ్మాయ్. ఒక పిల్లి, ఒక చూపులేని పెళ్ళాం. మొగుడే తీస్తాడట, ఆవిడ మొహం కనపడనివ్వడు, మెడ కింద నుంచే తీస్తాడు. ఇదిగో, ఇది లక్షల మంది చూశారట." పెద్దావిడ శబ్దం పెంచింది.

ముందు డోలక్ మోత. తర్వాత గిన్నె కిందపడ్డ చప్పుడు. తర్వాత ఒక ఆడదాని కేక.

తన కేకను తను బయటినుంచి వినడం ఆమెకు అదే మొదటిసారి. పెద్దావిడ నవ్వు సగంలో ఆగిపోయింది. ఆవిడ చూపు ఎక్కడికి పోయిందో ఆమెకు తెలుసు. బల్ల కిందికి, కట్టు కట్టిన తన పాదం మీదికి.

"అయ్యో తల్లీ," అంది పెద్దావిడ. ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది.

మొగుడు పిల్లి వీడియోలు తీస్తాడని ఆమెకు తెలుసు. వాటిలో తను ఉన్నట్టు తెలియదు. ఇంటికి వెళ్ళేదాకా బస్సులో ఆమెకు ఏడుపు రాలేదు. ఒంట్లో ఏదో గడ్డకట్టి, అంచులు పదునెక్కుతున్నట్టనిపించింది. అతడి ఫోనులో చోటు చాలక, "నీ కంప్యూటర్లో బోలెడు ఖాళీ ఉందిగా, నా వీడియోలు పడేస్తా" అని ఏడాదిగా అందులోనే దాస్తున్నాడు. కత్తిరించకముందువి, పాటలు అతికించకముందువి, అన్నీ. గుడ్డిదానికి వీడియోలతో పనేముందిలే అనుకున్నాడు. వీడియోకి గొంతు కూడా ఉంటుందన్న సంగతి అతడికి తట్టనే లేదు.

మర్నాటి నుంచి పన్నెండు రోజులు, ఆ కంప్యూటరును ఆఫీసుకు తీసుకెళ్ళి, పని అయ్యాక ఒక గంట అక్కడే కూర్చుని వింది. అరవై మూడు వీడియోలు. ప్రతి మాటా, డాక్టర్ల మాటలు టైపు చేసినట్టే, ఎవరన్నది, ఎన్నో నిమిషంలో అన్నది, అక్షరం పొల్లుపోకుండా దించింది. చెంచా కోసం తను నేలంతా తడుముతుంటే ముక్కుతో ఈల వేసినట్టు వచ్చే అతడి అణిచిపెట్టిన నవ్వును కూడా వదలకుండా 'భర్త నవ్వు' అని రాసింది. ఉప్పు డబ్బా, పంచదార డబ్బా మార్చింది గడుగ్గాయి కాదు. కుర్చీని దారిలోకి జరిపింది గడుగ్గాయి కాదు. ఏడాదిగా ఎన్నిసార్లు ఆ పిల్లిని అనవసరంగా కసిరిందో లెక్కలేదు. ఒక సాయంత్రం దాన్ని ఒళ్ళో వేసుకుని, "నీ మీద ఎన్ని మోపారే," అంది. అది ఆమె జడకొస పట్టుకుని లాగింది.

ఆ పన్నెండు రోజులూ ఆమె ఇంట్లో ఎంత నెమ్మదిగా ఉందంటే, "కాలు కాలాక బుద్ధొచ్చింది" అని అత్తగారు కూతురితో ఫోనులో చెప్పింది. గడుగ్గాయి ఆమె మొగుడి బూట్లలో ఉచ్చపోస్తే మాత్రం ఆమె శుభ్రం చేయలేదు. బూటులో కాలుపెట్టి అతడు వేసిన కేక వింటూ పక్కగదిలో పెదవి కొరుక్కుని నిలబడింది. ఇంత సంతోషం తనలో ఎక్కడ దాక్కుందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. మంచిగా ఉన్నన్నాళ్ళూ ఇది దొరకలేదు.

ఈలోగా పిల్లుల మేత అమ్మే కంపెనీ ఒకటి అతడి వీడియోలు చూసి ఇంటికి వస్తామంది. అందరూ చూస్తుండగా నేరుగా ప్రసారం. అతడు ఆమెకు పాఠం చెప్పాడు.

"నువ్వేం మాట్లాడక్కర్లేదు. నవ్వుతూ కూర్చో. నీకు చూపు పోయినా నేనెలా చూసుకుంటున్నానో నేను చెప్తా. అప్పుడు నా భుజం మీద చెయ్యెయ్యి."

"అలాగేనండీ."

కంపెనీ మేనేజరు ఒక ఆడమనిషి. ఆవిడతో ఒక కెమెరామన్ వచ్చాడు. గడుగ్గాయి వాళ్ళు తెచ్చిన మేత సంచిని పంజాతో చీల్చుకుని కరకరా నములుతోంది. మొగుడు ఏలుకోవడం గురించి గొంతు తడి చేసుకుని చెప్పాడు. చెయ్యి వెయ్యాల్సిన చోటు వచ్చింది. ఆమె చెయ్యి ఒళ్ళో ఉన్న కంప్యూటరు మీదే ఉంది. టీవీ పెట్టెకు దాన్ని కలపడం పొద్దునే అయిపోయింది.

"వీడియో నలభై ఒకటి," అంది, ఆఫీసులో రిపోర్టు చదివే గొంతుతో. "వంటగది. మాట్లాడేవారు అత్తగారు, భర్త. భార్య అప్పుడు పడగ్గదిలో."

మీట నొక్కింది. గది నిండా అత్తగారి గొంతు.

"మువ్వ తీశావా?"

"తీశా. పట్టకారుతో లాగాల్సొచ్చింది."

"గుమ్మంలో ఆ చేపముక్క పెట్టు. కదలకుండా పడుంటుంది."

"ష్, నీళ్ళు మరుగుతున్నాయి. చెంచాలు పడితే జనం పెద్దగా నవ్వట్లేదమ్మా. ఏదైనా ఒలకాలి."

"మరీ కాలుతుందేమోరా."

"కాలితే మందుంది కదా."

తర్వాత కేక. తర్వాత ఆ ఈల నవ్వు. తర్వాత, నీళ్ళు ఇంకా నేల మీద పారుతుండగానే, అత్తగారు గుసగుసగా, "సరిగ్గా వచ్చిందా?"

"ఆపు! ఆపవే!" మొగుడు లేచాడు. "ఇదంతా ఏదో అతికించింది! కెమెరా ఆపండి!"

"ఆపకు," అంది మేనేజరు కెమెరామన్‌తో.

"అరవై మూడు ఉన్నాయి," అంది ఆమె మొగుడితో. "ఇంకోటి పెట్టనా? నువ్వు చెప్పు, నీకు ఏది ఇష్టం?"

పదకొండేళ్ళలో మొదటిసారి అతణ్ణి నువ్వు అంది. ఆ ఒక్క మాట నాలుక మీద ఎంత తేలిగ్గా ఉందో! అత్తగారు ఆమె భుజం పట్టుకుని ఊపేసింది. "నా కొడుకు బతుకు బుగ్గి చేశావు కదే! ఇంత మంది ముందర!"

ఆమె అత్తగారి వైపు మొహం తిప్పింది. "అత్తయ్యా, సరిగ్గా వచ్చిందా?"

సాయంత్రానికి తల్లీకొడుకులు ఆడపడుచు ఇంటికి పోయారు. పొమ్మన్నది ఆమే. వెళ్ళే ముందు అతడు గుమ్మంలో నిలబడి బతిమాలాడు. పొరపాటైందని, జనం బూతులు తిడుతున్నారని, క్షమించానని ఒక్క మాట రికార్డు చేసిస్తే చాలని. వీడియోలన్నీ తీసేస్తానన్నాడు. "ఒక్కటి కూడా తీసెయ్యకు. తీసేసినా నా దగ్గరున్నాయి," అని చెప్పి తలుపేసుకుంది.

మర్నాడు పెద్దావిడ చెయ్యి పట్టుకుని పోలీసుస్టేషనుకు వెళ్ళింది. అల్లరి చేయకుండా గడుగ్గాయి ఒక్కతే ఇంట్లో ఉంటుందని నమ్మకం లేక, బుట్టలో పెట్టి వెంట తీసుకెళ్ళారు. అది బుట్టలోంచి పంజా చాచి బల్ల మీది కాగితాలు లాగుతోంది. ఫిర్యాదు రాసుకునే అధికారి ఆమె టైపు చేసిన పేజీలు తిరగేశాడు. చెడ్డవాడు కాదు. జాలి గొంతు.

"అమ్మా, ఏమీ అనుకోకండి, రేపు కోర్టులో అడుగుతారు. పిల్లిని అక్కడ పెట్టడం గానీ, మీ కాలు కాలడం గానీ కళ్ళారా చూసినవాళ్ళు ఉండాలి కదా. మీరేమో చూడలేరు. మరి ఎవరు చూశారని రాయను?"

"నా మొగుడు చూశాడని రాయండి," అంది ఆమె. "మొదటి నుంచి చివరిదాకా, ఫోను కదలకుండా పట్టుకుని చూశాడు."