సగం ఏటి సరంగు

నడి ఏటిలో తేలే పసుపు పీపా దగ్గరికి లాంచి వచ్చేసరికి సరంగు చక్రం మీది నుంచి చేతులు తీసి పక్కకు జరుగుతాడు. అల్లుడు వచ్చి ఆ చోట నిలబడతాడు. అక్కడి నుంచి అవతలి రేవు దాకా లాంచి అల్లుడిది. తిరిగొచ్చేటప్పుడు పీపా దాటాక మళ్ళీ మామగారిది.

"సరిహద్దొచ్చింది సరంగూ, చేతులు కడుక్కో!" అని కూరగాయల గంపల మధ్య నుంచి ఒకావిడ రోజూ అరుస్తుంది. అతనికి సగం సరంగు అని పేరు పెట్టింది కూడా ఆవిడే. మొదట్లో లాంచి అంతా గొల్లుమనేది. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. ఇంజను పొగలాగా అదీ అలవాటైపోయింది. నవ్వించడం మానలేక ఆవిడా, నవ్వలేక మిగతావాళ్ళూ అలా గట్టు చేరుతుంటారు.

పీపాకు ఇవతల ఒక రాష్ట్రం, అవతల ఇంకో రాష్ట్రం. దేశం ఒక్కటే. డబ్బు ఒక్కటే, జెండా ఒక్కటే, ఆ మాటకొస్తే రెండు గట్ల దోమలూ ఒక్కటే. కాని పడవ ఎవరు నడపాలో చెప్పేది మాత్రం ఎక్కడికక్కడ రాష్ట్రమే. ఇవతలి రాష్ట్రం వలస వచ్చినవాడికైనా పరీక్ష ప్యాసైతే లైసెన్సు ఇస్తుంది. అవతలి రాష్ట్రం ఈ వేసవిలో కొత్త చట్టం తెచ్చింది. తమ నీళ్ళలోకి జనంతో వచ్చే ఏ పడవ చక్రమైనా దేశ పౌరుడి చేతిలోనే ఉండాలంది. సరంగు తల ఈ ఏటి మీదే నెరిసింది. అయినా అతని పాస్‌పోర్టు ఇంకా పుట్టిన దేశానిదే. అల్లుడు ఇక్కడే పుట్టాడు, లైసెన్సూ తెచ్చుకున్నాడు.

లాంచి యజమాని ఈ సంగతి తేల్చుకోవడానికి ఎక్కని గుమ్మం లేదు.

"దేశ రాజధానికెళ్తే, పడవలు రాష్ట్రాల విషయమండీ అన్నారు. అవతలి రాష్ట్రానికెళ్తే, పౌరసత్వం కేంద్రం విషయమండీ అన్నారు. ఇద్దరూ మర్యాదస్తులే. ఇద్దరూ టీ ఇచ్చారు. ఆ టీలు తాగీ తాగీ నా కడుపులో మంట పట్టుకుంది కాని పని జరగలేదు," అన్నాడు ఒకనాడు రేవు బల్ల మీద కూలబడి. ఆ తరువాత అసలు మాట చెప్పాడు. "ఒక్క లాంచికి ఇద్దరు సరంగులంటే నావల్ల కాదయ్యా. వచ్చే నెల నుంచి ఒక్కరే. ప్రమాణం చేసి పౌరుడివైపో, ఏరంతా నీదే. లేదంటావా, చక్రం అల్లుడికిచ్చేసి టిక్కెట్లు కొట్టుకో. నీ ఇష్టం."

ఇష్టం! సరంగు ఆ సాయంత్రమంతా తాళ్ళు చుడుతూ, తనలో అదెక్కడుందో వెతుక్కున్నాడు. అలసట తప్ప ఏదీ చేతికి తగల్లేదు.

ఈ దేశం రెండు పౌరసత్వాలూ ఉంచుకోవచ్చంటుంది. పేచీ అంతా పుట్టిన దేశంతోనే. ఇంకో దేశానికి ప్రమాణం చేసిన క్షణాన నువ్వు మావాడివి కావంటుంది. ఇక అక్కను చూడాలంటే వీసా అడగాలి. అమ్మ పోయేనాటికి అతనికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. పెట్టింది అక్కే. ఏడాదికోసారి ఏదో ఒక వంకతో రమ్మని కబురు చేస్తుంది. ఓ ఏడు మోకాలంటుంది, ఓ ఏడు ఇంటి కప్పు కారుతోందంటుంది. అతను అదే పూట సంచీ సర్దుకుంటాడు. "వీసా రానీ అక్కా, వస్తాను" అనే మాట ఊహలో అనబోయినా నోరు పెగలడం లేదు.

అతని భార్య ఎప్పుడో ప్రమాణం చేసేసింది. "నాకక్కడ ఎవరున్నారండీ, మీ అక్కయ్య తప్ప! వీసా ఇచ్చినా ఆవిడ నన్ను గడప తొక్కనివ్వదు," అంటుంది.

ఇక అల్లుడి సంగతి. మొన్నమొన్నటి దాకా అతను లాంచి మీద తాళ్ళు కట్టేవాడు. సరంగు అతన్ని నోరారా "ఒరేయ్" అనేవాడు. కూతురు అతన్నే చేసుకుంటానని పట్టుబట్టి చేసుకున్నాక పిలుపు మారక తప్పలేదు. కాని ఏటి మీద పాత నాలుకే ఆడుతుంది.

"ఒరేయ్, తాడు విప్పరా!" అని అరిచి, చప్పున నాలుక కరుచుకుని, "విప్పండి అల్లుడుగారూ," అంటాడు.

"విప్పేశానండీ మామయ్యగారూ," అంటాడు అల్లుడు నవ్వాపుకుంటూ. పొద్దున్నే రేవుకొచ్చి కూతురు రెండు టిఫిను డబ్బాలు ఇస్తుంది. మొగుడి డబ్బాకు ఎర్ర దారం ముడి ఉంటుంది, నాన్న డబ్బాకు ఏమీ ఉండదు. అల్లుడు రోజూ ఆ దారం విప్పి మణికట్టుకు చుట్టుకుంటాడు. పెళ్ళైన దగ్గర్నుంచి ఒక్కటీ పారేయలేదు. ఆ ఎర్రటి చెయ్యి చక్రం మీద పడినప్పుడల్లా సరంగుకు కోపం రావాలి, న్యాయంగా. రాదు. ఎంత విసుగ్గా ఉన్నా ఆ చెయ్యి చూస్తే మీసాల కింద ఏదో కదులుతుంది.

ఒక మధ్యాహ్నం అవతలి రేవులో జనం కోసం ఆగి ఉండగా అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"ఎగువ రేవులో లాంచికి మనిషి కావాలట మామయ్యగారూ. నేనక్కడికి పోతే మీకు ప్రమాణం తప్పదు. పోకపోతే మీ చక్రం నేను లాక్కున్నట్టు. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి."

"మీ ఆవిడేమంది?"

"ఏం చేసినా నాన్న మొహం మాత్రం మాడకూడదంది."

"పుట్టినప్పటి నుంచి మాడ్చింది అదేగా," అన్నాడు సరంగు. అల్లుడు నవ్వలేదు. అంతలో సరంగు ఫోను మోగింది. అక్క.

"ఏరా, గొంతు అదోలా ఉంది. జలుబా, పెళ్ళామా?"

"రెండూ కాదక్కా. పౌరసత్వం."

"అదేం రోగంరా?"

చెప్పాడు. పీపా, చట్టం, టిక్కెట్లు, వీసా అన్నీ చెప్పాడు. అవతల అక్క గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

"అంటే ఇకమీదట నా ఇంటికి చుట్టపుచూపుగా వస్తావన్న మాట."

"అదేనక్కా నా బాధ."

"బాధెందుకు? ఇంటివాడివని ఇన్నాళ్ళూ మిగిలింది పెట్టాను, చిరిగిన దుప్పటిచ్చాను. చుట్టానివైతే కొత్త దుప్పటి తీస్తాను. ముందే చెప్పి వస్తావు కనక ఇల్లు కూడా ఊడుస్తాను."

"నవ్వించకక్కా. ఎందుకొస్తున్నావని అడుగుతారు వీసా ఆఫీసులో."

"అక్క చేత తిట్లు తినడానికని రాయి."

అతను నవ్వాడు. నవ్వు ఎక్కడో మధ్యలో తెగిపోయింది.

"ఒరేయ్," అంది అక్క, ఈసారి మెల్లగా. "నువ్వు టిక్కెట్లు కొట్టుకుంటూ ఉంటే నాకు ఇక్కడ ముద్ద దిగదు. చెయ్యి ఆ ప్రమాణమేదో. కాని నాకు బాగాలేదని కబురొస్తే... ఎన్నాళ్ళు పడుతుందిరా నువ్వు రావడానికి?"

"తెలీదక్కా. వాళ్ళ దయ."

"సరేలే. అయితే కాస్త ముందుగానే కబురు పెట్టి మరీ మంచాన పడతాను. నువ్వు బెంగ పెట్టుకోకు."

ప్రమాణం రోజున హాల్లో పంకా కిర్రుమంటూ తిరుగుతోంది. ఎదర రెండు జెండాలు, దేశానిదొకటి, రాష్ట్రానిదొకటి. మాటలు పలకడం ఎంతసేపో పట్టలేదు. కూతురు గట్టిగా చప్పట్లు కొట్టింది, అల్లుడు దారాల చెయ్యి ఊపాడు. ఆ తరువాత సరంగు పుట్టిన దేశం ఆఫీసుకు వెళ్ళి పాస్‌పోర్టు అప్పగించాడు. కిటికీ వెనక అమ్మాయి దాని మూల కత్తిరించి, "గుర్తుగా ఉంచుకోండి," అని తిరిగిచ్చింది. మంచి పిల్ల. కత్తిరించేటప్పుడు కాస్త మొహం తిప్పుకుంది కూడా.

నెల మారింది. అల్లుడు ఎగువ రేవుకు పోయాడు. ఆ పొద్దున కూతురు ఒక్క డబ్బాతోనే వచ్చింది. దానికి ఎర్ర దారం కట్టి ఉంది.

"నాకెందుకే ఇది?"

"ఉండనీ నాన్నా, అలవాటైపోయింది కట్టడం."

లాంచి కదిలింది. "ఇవాళ్టి నుంచి ఏమని పిలవాలయ్యా నిన్ను, నిండు సరంగనా?" అంది కూరగాయల ఆవిడ. జనం చాలా రోజులకు నవ్వారు. సరంగు కూడా తలూపాడు. నీళ్ళు తేటగా ఉన్నాయి, గాలి లేదు. పసుపు పీపా దగ్గరికొచ్చింది.

అతని చేతులు చక్రం మీది నుంచి లేచాయి. కాళ్ళు ఓ అడుగు పక్కకు జరిగాయి. ఎవరూ రాలేదు. లాంచి ముక్కు మెల్లగా దిగువకు తిరగసాగింది. జనం ఇంకా కబుర్లలోనే ఉన్నారు, గంపల ఆవిడ ఒక్కతే చూసింది.

"చేతులు కడుక్కున్నది చాల్లే," అంది, వేళాకోళం లేని గొంతుతో. "పట్టుకో నాయనా."

అతను మళ్ళీ తన చోటికొచ్చి చక్రం పట్టుకున్నాడు. ఇప్పుడే ఎవరో వదిలి వెళ్ళినట్టు అది వెచ్చగా ఉంది.