లాంతరు మాంత్రికుడి కళ్లు

పెదవుల మీద ఉప్పు.

సముద్రం మీంచి మంచు లేచి ఊరిని కప్పేసింది. రేవు లేదు. పడవలు లేవు. దీపస్తంభం లేదు. ఎక్కడి నుంచో పక్షులు అరుస్తున్నాయి — ఎక్కడి నుంచో తెలియదు.

సముద్రం వినిపిస్తోంది.

కనిపించదు.

లోర్నా కాసేపు గోడ దగ్గర నిలబడి విన్నది. తర్వాత భుజానికి వేలాడుతున్న తోడేళ్ల బొమ్మల పెట్టెను సర్దుకుని, ప్రార్థన మందిరం వెనక ఉన్న హాలు తలుపు తోసింది.

లోపల తేనీరు మరుగుతున్న వాసన. తడిసిన ఉన్ని కోట్ల వాసన. అల్లం కేకు వాసన. మధ్యలో పెద్ద బల్ల, దాని మీద ఆకుపచ్చ గుడ్డ, గుడ్డ కింద పుస్తకాలు పేర్చి లేపిన కొండలు. ఒక నది. ఒక వంతెన. బల్ల చివర బోర్లించిన కప్పులు — పోయినవాళ్లవి.

ఈసారి ఒక కప్పు ఎక్కువ.

ఏడాదంతా ఈ క్లబ్బులో బల్ల మీద బొమ్మ సైనికులతో, చరిత్రలో జరిగిపోయిన యుద్ధాలే ఆడతారు. చక్రవర్తులు, ఫిరంగులు, బురదలో కూరుకుపోయిన గుర్రాలు. నవంబరులో మొదటి శనివారం మాత్రం ఎప్పుడూ జరగని యుద్ధం. డ్రాగన్లు. మాంత్రికులు. నడిచే చెట్లు. ఆ ఒక్క ఆట పోయిన సభ్యులది. వాళ్ల కోసం ఇంత పిల్లల ఆట ఎందుకని ఎవరైనా అడిగితే, చచ్చినవాళ్లు చరిత్ర పుస్తకాలు చదవరు గదా అంటాడు ఆల్ఫ్. క్లబ్బులో అందరికన్నా పెద్దవాడు. బోర్లించిన కప్పులన్నిటినీ బోర్లించినవాడు.

సభ్యుడు పోతే అతని బొమ్మలు ఇంటికి పోవు. అది ఇక్కడి కట్టుబాటు. చీటీలు తీస్తారు. ఎవరి పేరు వస్తే వాళ్లు ఆ సైన్యాన్ని సాకాలి — దుమ్ము దులపాలి, విరిగిన కత్తి అతికించాలి, ఏడాదికొకసారి ఈ బల్ల మీదికి తేవాలి.

తెచ్చి, అతను ఆడినట్టే ఆడాలి.

అతని పిరికితనంతో. అతని మొండితనంతో. అతని తప్పులతో.

నెవిల్ ఫిబ్రవరిలో పోయాడు. చెల్లెలు లోర్నాకు ఇల్లు వచ్చింది. కోట్లు వచ్చాయి. కిటికీ గూట్లో ఎండిపోయిన పూలకుండీ వచ్చింది.

సైన్యం గోర్డన్‌కు వచ్చింది.

గోర్డన్ చేయి వణకదు. అదే అతని గొప్ప. వేలి గోరంత ముఖం మీద కనుబొమలు గీస్తాడు, కంటిలో వెలుగు చుక్క పెడతాడు. రేవులో పడవల మీద పేర్లు రాసి బతికినవాడు. అతని గీతకు ఊరంతా మెచ్చుకోలు.

నెవిల్ చేయి వణికేది. చివరి రెండేళ్లూ. జబ్బు ముందు వేళ్లలోకి వచ్చింది, తర్వాత మాటలోకి, తర్వాత నడకలోకి. అయినా రంగులు వేశాడు. సైనికుల పెదవులు బుగ్గల మీదికి పోయాయి. డాళ్ల మీద సింహాలు కరిగిపోయాయి. లాంతరు పట్టుకున్న పొట్టి మాంత్రికుడు — అది నెవిలే. ఇక్కడ ప్రతివాడికీ తనలాంటి బొమ్మ ఒకటి ఉంటుంది — ఆ మాంత్రికుడి కుడి కన్ను జారి కణత మీదికి పోయింది. ఒక కన్ను ముందుకు చూసేది. ఒక కన్ను చెల్లెలు కూర్చునే వైపు.

లోర్నా అలా అనుకునేది. అనుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మే నెలలో గోర్డన్ పెట్టె తెరిచి చూపించాడు.

సింహాలు సింహాల్లా ఉన్నాయి. పెదవులు పెదవుల్లా ఉన్నాయి. మాంత్రికుడి కళ్లు రెండూ తిన్నగా, శుభ్రంగా, ముందుకు చూస్తున్నాయి. అందరూ వంగి చూశారు. నెవిల్ చూస్తే ఎంత సంతోషించేవాడో అన్నారు. గోర్డన్ చెవులు ఎర్రబడ్డాయి. గౌరవం చేశాననుకున్నాడు. పోయినవాడికి కొత్త బట్టలు తొడిగినట్టు.

లోర్నా ఒక్కటే అడిగింది.

"కడిగావా, పైన వేశావా?"

ఆ ప్రశ్న ఈ హాల్లో ఉన్నవాళ్లకే అర్థమవుతుంది. పాత బొమ్మకు కొత్త రంగు వేయాలంటే ముందు దాన్ని మందు నీళ్లలో నానబెడతారు. తెల్లారేసరికి రంగు చర్మంలా ఊడి వస్తుంది. పాత పళ్ల బ్రష్షుతో రుద్దితే బొమ్మ అసలు తగరం తేలుతుంది, అప్పుడే పుట్టినట్టు. పద్ధతి తెలిసినవాడు అలాగే చేస్తాడు. లోర్నా కూడా ఎన్నో బొమ్మల్ని అలా కడిగింది. రంగు మీద రంగు వేస్తే ముఖం మొద్దుబారుతుంది. బద్ధకస్తులు వేస్తారు.

గోర్డన్ బద్ధకస్తుడు కాడు.

కానీ ఆ ముఖం కాస్త మొద్దుగా లేదూ... ముక్కు అంచు కాస్త గుండ్రంగా... లేక తన కంటికే అలా కావాలనుందా.

గోర్డన్ ఆమె ముఖం చూశాడు. మెప్పు కోసం చాచిన చేతిలో ఉమ్మినట్టయింది అతనికి.

"బాగుచేశాను," అన్నాడు. "నీకు అంతవరకు తెలిస్తే చాలు."

ఆ తర్వాత వేసవి పోయింది. ప్రతి గురువారం ఇద్దరూ క్లబ్బుకు వచ్చారు. ఆమె కుర్చీ తిప్పుకుని కూర్చుంది. అతను తేనీటి కెటిల్ ఆమె కప్పు దాటించి పక్కవాడికి అందించాడు. ఆమె పాచిక కింద పడి అతని బూటు దగ్గర ఆగితే, అతను బూటు కదపలేదు. ఆమె వంగలేదు. ఆ పాచికను ఆల్ఫ్ తీశాడు, నడుము పట్టుకుని, ఇద్దరినీ తిట్టుకుంటూ.

ద్వేషం పోషించడం తేలిక. నీళ్లు పోయక్కర్లేదు. వెలుతురు అక్కర్లేదు.

కడిగాడా.

పైన వేశాడా.

రాత్రి కళ్లు మూస్తే ఒక గాజు సీసా. అందులో నీళ్ల అడుగున, నెమ్మదిగా విడిపోతున్న ఒక వంకర కన్ను.

ఇవాళ లోర్నా గోర్డన్‌కు ఎదురుగా నిలబడింది. పోయినవాళ్ల సైన్యాలకు ఎదురు నిలిచేవాళ్లు సొంత బొమ్మలతో ఆడతారు; నెవిల్ సైన్యానికి ఎదురు చోటు తానే అడిగి తీసుకుంది. ఆల్ఫ్ కేకు కోస్తూ కోస్తూ ఆగాడు.

"ఇవాళ ఎవరూ గెలవడానికి ఆడరమ్మాయ్," అన్నాడు. ఆమెకు అరవై దాటినా అతనికి అమ్మాయే.

"నేను ఊరికే ఆడతాను," అంది లోర్నా.

ఎవరూ నవ్వలేదు.

కిటికీలకు మంచు ఆనుకుని ఉంది. అద్దం అవతల ఏమీ లేదు. తెలుపు — అంతే. ఆట మొదలైంది. పాచికలు గుడ్డ మీద మెత్తగా పడుతున్నాయి. బొమ్మ ఎంత దూరం నడవాలో కొలిచిన టేపులు చప్పుడుతో లోపలికి ముడుచుకుంటున్నాయి. పోయినవాళ్ల సైన్యాలు కదులుతున్నాయి, పోయినవాళ్ల అలవాట్లతో. ఒకడి విలుకాళ్లు ఎప్పటిలా తొందరపడి బాణాలు వదిలారు. ఒకడి డ్రాగన్ ఎప్పటిలా చివరిదాకా కొండ దిగలేదు. అందరూ నవ్వారు. ఆ నవ్వుకే ఈ ఆట.

నెవిల్‌కూ ఒక తప్పు ఉండేది.

అతని సైన్యంలో ఒక కుంటి రాక్షసుడు ఉన్నాడు. బానపొట్ట, ఒక కాలు పొట్టి, అందరికన్నా నెమ్మది. ఎప్పుడూ వెనకబడేవాడు. వాడికి దెబ్బ తగిలితే నెవిల్ ఆగేవాడు. గెలుపు చేతికందినా ఆగేవాడు. లాంతరు మాంత్రికుణ్ణి వెనక్కి పంపేవాడు, వాణ్ణి తీసుకురమ్మని. నీ సైన్యం వెనక్కి నడిచి ఎన్ని యుద్ధాలు ఓడిందిరా అని ఏడిపించేవాళ్లు. వాడొక్కణ్ణీ అక్కడ వదిలేస్తే మిగతావాళ్లు నాతో ఎందుకు నడుస్తారు అనేవాడు.

అందరికీ తెలిసిన తప్పు అది. ముప్ఫై ఏళ్లలో ఎవరూ దాన్ని వాడుకోలేదు.

లోర్నా తోడేళ్లను అడవి చుట్టూ తిప్పింది.

గోర్డన్ ముందుకు వస్తున్నాడు. నెవిల్ సైన్యం వంతెన దగ్గరికి చేరింది. మాంత్రికుడు వంతెన ఎక్కితే చాలు — ఆట అతనిది. సాయంత్రం అతనిది. కప్పులు ఎత్తి నెవిల్ గెలిచాడంటారు. బతికుండగా గెలవనివాడు గెలిచాడంటారు.

వెనక, అడవి అంచున, కుంటి రాక్షసుడు ఒక్కడే.

తోడేళ్లు వాడి మీద పడ్డాయి. పాచికలు బాగా పడ్డాయి. వాడి ప్రాణం ఆమె చేతిలో ఉంది.

"చాలు," అంది లోర్నా. "చంపను. గాయపడి ఉండనీ."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు అడవి వైపు వంగారు.

అందరికీ అర్థమైంది. ఎర. వాడు చస్తే మాంత్రికుడు వెనక్కి రానక్కర్లేదు. బతికుండి మూలిగితేనే రావాలి.

గోర్డన్ టేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. వంతెన చూశాడు. అడవి చూశాడు. అతని చేయి — ఎప్పుడూ వణకని చేయి — టేపు అంచు మీద బిగుసుకుంది.

వంతెన ఎక్కెయ్, ఎవరూ తప్పు పట్టరు అన్నారు పక్కవాళ్లు. ఇలా ఆడటం ఆట కాదన్నారు. లోర్నా వినిపించుకోలేదు. ఆమె గోర్డన్ కళ్లలోకే చూస్తోంది. ఎక్కు. ఎక్కితే నువ్వు నెవిల్‌వి కావని తేలిపోతుంది. ఆ ముఖం ఎవరి చేతి కింద కడుక్కుపోయిందో, ఆ చేతికి నెవిల్ తెలియనే తెలియదని తేలిపోతుంది. ఎక్కకపోతే —

ఎక్కకుండా వెనక్కి వస్తే పడగొడతాను, బొమ్మ నాది.

ఏ దారిన చూసినా ఆమెదే గెలుపు. అందుకే ఆమెకు లోపల ఎక్కడో చల్లగా ఉంది.

గోర్డన్ మాంత్రికుణ్ణి రెండు వేళ్లతో ఎత్తాడు. మెల్లగా. ముఖం అడవి వైపు తిప్పాడు.

"వాడైతే వెళ్తాడు," అన్నాడు.

అంతే అన్నాడు.

వంతెన ఖాళీ అయింది. చిన్న లాంతరు, ఎర్ర చుక్కంత లాంతరు, ఆకుపచ్చ గుడ్డ మీద వెనక్కి వచ్చింది. ఒంటరిగా. తోడేళ్ల మధ్యలోకి. కుంటివాడి పక్కకు.

లోర్నా పాచికలు తీసుకుంది.

ఒక్క క్షణం — ఒక్క క్షణం మాత్రం — అవి వేయకుండా ఉంచుకోవచ్చని తెలిసింది. అన్న దయనే దారిలో గుంటగా తవ్వింది. అందులోకి అతను వచ్చాడు, వస్తాడని తనకు తెలిసినట్టే. అన్న తనకెప్పుడూ చూపించినది ఆ దయే. ఏనాడూ దాచుకోనిది అదే.

తోడేళ్లు తనవే. తానే రంగు వేసింది వాటి పళ్లకు.

వేసింది.

మాంత్రికుడు పడ్డాడు.

పోయినవాడి సొంత బొమ్మ పడితే దాన్ని బల్ల మీద పక్కకు వాల్చరు. పడగొట్టినవాళ్ల చేతికి ఇస్తారు. ఏడాదిపాటు వాళ్లింట్లో ఉంటుంది. అదీ కట్టుబాటే. అందరూ లేచి నిలబడ్డారు, టోపీలు తీసి. కుర్చీలు నేలను గీరిన చప్పుడు.

"మనిషి పోయిన ఏడాదిలోనే అతని బొమ్మను ఎవరూ..." అన్నాడు ఆల్ఫ్. కేకు కత్తిని గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు.

గోర్డన్ బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. మే నెల తర్వాత ఇంత దగ్గరికి రాలేదు. బొమ్మను ఆమె అరచేతిలో పెట్టాడు. వెంటనే వేళ్లు తియ్యలేదు.

"అన్నను ఓడించి తీసుకెళ్తున్నావు," అన్నాడు, ఆమెకు మాత్రమే వినపడేలా.

"కడిగావా?"

"ఆ కళ్లు చూసుకుని వాడు సిగ్గుపడేవాడు. రంగు ఆరకముందే బొమ్మలు పెట్టెలో దాచేవాడు, ఎవరైనా వస్తే."

"నేను పరాయిదాన్నా?"

"నీకు ఆ వణుకు కావాలి. వాడికి అది వద్దు, లోర్నా."

"కడిగావా, గోర్డన్?"

అతను వేళ్లు తీశాడు. చాలా అలసిపోయినవాడిలా ఉన్నాడు. చాలా సంతోషించినవాడిలా కూడా ఉన్నాడు — ఇన్నాళ్లకు ఆమెను దెబ్బతీయగల ఒక్క జవాబు తన దగ్గరే ఉండిపోయిందని.

"గోరు ఉందిగా," అన్నాడు. "గీకి చూసుకో."

ఆమె కోటు వేసుకుంది. ఎవరూ తలుపు తెరిచి పట్టుకోలేదు. వెనక కప్పులు ఎత్తుతున్నారు, పేరుపేరునా. అన్న పేరు వచ్చేసరికి తలుపు మూసుకుంది.

బయట ఇంకా మంచే. సాయంకాలపు మంచు, బూడిద రంగులోకి తిరుగుతోంది. రేవు లేదు. పడవలు లేవు. గోడ చల్లగా, తడిగా. దీపం కింద ఆగి అరచేయి తెరిచింది.

రెండు కళ్లు. శుభ్రంగా. తిన్నగా. ఆమెను చూడకుండా.

బొటనవేలి గోరు కుడి కంటి మీద పెట్టింది.

గీకితే తగరం కనబడవచ్చు. అప్పుడే పుట్టిన తగరం, ఎవరిదీ కానిది. అప్పుడు గోర్డన్‌ను బతికినంతకాలం ద్వేషించవచ్చు. అది తేలిక.

గీకితే, ఆ రంగు కింద ఇంకో రంగు కనబడవచ్చు. కణత మీదికి జారిన, వణికిన, తన వైపు తిరిగిన కన్ను. వెంట్రుక మందం రంగు. పైది ఊడినచోట కింది దాన్ని ఊడగొట్టకుండా ఆగడం ఏ గోరుకు తెలుసు?

సిగ్గుపడేవాడా.

రంగు ఆరకముందే దాచేవాడా... తన నుంచి కూడా?

గోరు కదల్లేదు. వెనక్కీ తీసుకోలేదు.

మంచు వేళ్ల మధ్యకు వచ్చింది. ఎర్ర చుక్కంత లాంతరు తడిసింది. ఎక్కడి నుంచో పక్షులు అరుస్తున్నాయి.

పెదవుల మీద ఉప్పు.

సముద్రం వినిపిస్తోంది —